'రూల్స్ ఉన్న కార్గిల్ కాంపెయిన్' కొనేవాళ్ళు ఒక్క నిమిషం ఆగండి

బీచ్ రోడ్డులో టీయూ-142 నేవీ విమానం ముందు దిగిన ఫొటో డీపీగా పెట్టుకున్నాడే, ఆయన దగ్గర కార్గిల్ కాంపెయిన్ (డీసీఎస్ అనే యుద్ధవిమానాల కంప్యూటర్ గేమ్‌లో వరసగా ఆడే మిషన్ల సెట్టు) కొందామనుకుంటే ముందు ఇది చదవండి. ఎవరో చెప్పనక్కర్లేదు, వైజాగ్‌లో డీసీఎస్ ఆడేవాళ్ళం ఉన్నదే గుప్పెడుమందిమి. ఆ ఫొటో చూసి నేవీలో చేసిన మనిషేమో అనుకున్నా. టికెట్ కొంటే అక్కడ నేనూ ఫొటో దిగొచ్చని అప్పుడు తట్టలేదు.

2,500 రూపాయలు. అడిగిన నిమిషంలో యూపీఐ కొట్టేశా. పూర్ణా మార్కెట్‌లో కొత్తిమీర కట్ట దగ్గర గీచి గీచి బేరమాడే మనిషిని నేను.

ఎందుకు పడ్డానంటే ఆయన చెప్పిన మాట అలాంటిది. "బాంబులెయ్యడం ఎవడైనా చేస్తాడు గురూ. చేతులు కట్టేస్తే ఎలా ఎగరాలో నా దాంట్లో చూడు" అన్నాడు. 1999 మే 26న కార్గిల్‌లో మన ఎయిర్‌ఫోర్స్ దిగినప్పుడు పైనుంచి వచ్చిన ఆర్డర్ తెలిసిందే కదా, ఎల్ఓసీ దాటకూడదు. శిఖరం మీద శత్రువు, పక్కనే గీత. వీలైన దిక్కు నుంచి వచ్చి కొట్టి పోదామంటే కుదరదు, గీత ఇవతలే వచ్చి, ఇవతలే తిరగాలి. మిరాజ్ ఫైటర్ వేగంలో ఆ మలుపు ఎంత చోటు తింటుందో ఒక్కసారి తిప్పినవాడికి తెలుస్తుంది. వియత్నాంలోనూ అంతే. అమెరికా వాళ్ళ ఫాంటమ్ ఫైటర్‌కి కంటికి ఆనని దూరం నుంచి కొట్టే స్పారో మిస్సైల్ ఇచ్చి, చాలా సందర్భాల్లో కంటితో చూసి పోల్చుకున్నాకే కొట్టమన్నారు. శత్రువు మిగ్ ఫైటర్ల ఎయిర్‌ఫీల్డుల జోలికి 1967 ఏప్రిల్ దాకా వెళ్ళనివ్వలేదు. నాకు కావాల్సింది ఆ టెన్షనే.

ఆయన వాయిస్ మెసేజ్ ఇంకా నా ఫోన్‌లో ఉంది. గీత దాటితే మిషన్ ఫెయిల్. ఏవాక్స్ (రాడార్‌తో ఆకాశమంతా చూసి చెప్పే విమానం) 'శత్రువే' అనకముందు కాలిస్తే ఎంక్వయిరీ. ప్యాసింజర్ విమానానికి తగిలిందా, కాంపెయిన్ అక్కడితో క్లోజ్.

మ్యాప్ సంగతి వదిలేయండి. కాకసస్ కొండల మీద ఒక గీత గీసి ఇదే ఎల్ఓసీ అన్నాడు. గేమ్‌తో ఫ్రీగా వచ్చే మ్యాప్ కదా, సర్దుకున్నా. బి షిఫ్ట్ దిగి, అన్నం తిని, మూడు రాత్రులు ఆడా. రాడార్‌లో చుక్క కనిపించినా కాల్చకుండా, ఏవాక్స్‌ని అడుగుతూ, ఎవడో చూద్దామని దగ్గరికి వెళ్తూ... ఆ ఆలస్యానికే రెండుసార్లు కూలిపోయా. అయినా సంతోషమే. రియలిజం అంటే ఇదిరా అని మా తమ్ముడికి ఫోన్ చేసి మరీ చెప్పా.

నాలుగో రాత్రి మలుపు పెద్దదై గీత దాటేశా. గుండె జారిపోయింది. ఫెయిల్ మెసేజ్ కోసం చూశా, రాలేదు. ఇంకో పది మైళ్ళు పోయా. రాలేదు. ఎదురుగా ప్యాసింజర్ విమానం ఒకటి వస్తోంది. అనుమానం తీర్చుకుందామని మిస్సైల్ వదిలా. దిగాక ఫలితం 100. "శభాష్ స్క్వాడ్రన్ లీడర్, తర్వాతి మిషన్‌కి సిద్ధం కండి" అట.

మిషన్ ఎడిటర్‌లో తెరిచి చూస్తే సరిహద్దు మీద ట్రిగ్గర్ జోన్ (విమానం అడుగుపెట్టగానే గేమ్ కనిపెట్టే చోటు) అన్నదే లేదు. మొత్తానికి ఉన్న ట్రిగ్గర్ ఒక్కటే, మొదట్లో రూల్స్ చూపించే మెసేజ్. మన పక్క కంప్యూటర్ నడిపే ఏఐ విమానాలకి పెట్టిన ఆర్ఓఈ, అదే ఎప్పుడు కాల్చాలన్న రూల్, ఏంటో తెలుసా? వెపన్ ఫ్రీ, ఇష్టమొచ్చినట్టు కాల్చుకోమని. అంటే ఆ మూడు రాత్రులూ ఆ ఆకాశంలో రూల్స్ పాటించిన వెధవని నేనొక్కణ్ణే.

పొద్దున్నే ఫోన్ చేశా.

"ఏటి బాబూ, రూల్స్ రాసిచ్చాను కదా. పాటించడం నీ పని. డిసిప్లిన్ లోపల్నుంచి రావాలి."

"గీత దాటితే ఫెయిల్ అన్నారు కదండీ?"

"దాటావా?"

"దాటానండి."

"మరి ఫెయిలయ్యావు కదా!"

నవ్వాడు. పక్కన ఇంకెవరో కూడా నవ్వారు. స్పీకర్‌లో పెట్టాడన్నమాట. డబ్బులు పోతే పోయాయి, ఆ రెండో నవ్వు మాత్రం నిన్నటి నుంచి చెవిలో మోగుతూనే ఉంది. వాపసు అడిగితే డిజిటల్ సరుక్కి వాపసు ఉండదన్నాడు. దానికి నేనన్న మాట వినండి: "సరేనండి, ఉంటానండి." ఉంటానండి! పెట్టేశాక గానీ తిట్లు గుర్తుకు రాలేదు. మళ్ళీ చేస్తే బ్లాక్.

కొనేవాళ్ళు డబ్బు పంపకముందే స్క్రీన్ షేర్ పెట్టించి ఆయన చేతే గీత దాటించండి. లాక్ లేని మిజ్ ఫైల్ (గేమ్ మిషన్ ఫైల్) అయితే ఎడిటర్‌లో తెరుచుకుంటుంది, ట్రిగ్గర్ల లిస్టు చూడ్డానికి రెండు నిమిషాలు చాలు. నేనూ మొదటి రోజే చూడొచ్చు. సస్పెన్స్ పోతుందని చూడలేదు.

ఇప్పుడు వియత్నాం కాంపెయిన్ తెస్తున్నాడట, స్టేటస్ పెట్టాడని తమ్ముడు చూపించాడు. నిజం యుద్ధంలో అమెరికా పైలట్లకి ఉన్నట్టే హనోయ్ చుట్టూ 30 నాటికల్ మైళ్ళ ఆంక్షల గీత ఉండాలి. ఉందో లేదో మీలో ఎవరైనా అడిగి చెప్పండి, నన్నెలాగూ బ్లాక్ చేశాడు.