జోయీ బాడాస్ 2017 ఆల్బమ్: పాత చింతకాయ పచ్చడి దాటొచ్చాక

2012లో ‘1999’ మిక్స్‌టేప్ (ఆల్బమ్ లాంటి పాటల గుత్తి) వచ్చేనాటికి న్యూయార్క్‌లోని బ్రూక్లిన్ ర్యాపర్ కుర్రాడు జోయీ బాడాస్‌కి పదిహేడేళ్లు. టేప్ పేరులో ఉన్న ఏడాదికి నాలుగేళ్ల పిల్లాడు. పాతతరం హిప్‌హాప్ నిర్మాతలు ఎమ్ఎఫ్ డూమ్, జె డిల్లా, లార్డ్ ఫినెస్ ఎప్పుడో చేసిపెట్టిన బీట్ల మీదే కొన్ని పాటలు నడిపించాడు. బరువైన కిక్ డ్రమ్ము, టపీమనే స్నేర్ డ్రమ్ము, పైన ఊపిరి సలపనివ్వని ప్రాసలు. చేయి తిరిగినవాడే, కాదనలేం. పచ్చడి మాత్రం పాత చింతకాయదే, 1990ల హిప్‌హాప్‌ది.

2017 ఏప్రిల్‌లో వచ్చిన ‘ఆల్ అమెరికన్ బ్యాడాస్’ ఆ ముద్ర చెరిపేసింది. పన్నెండు పాటలు, యాభై నిమిషాల లోపే. పేరులోని ‘అమెరికన్’లో ఇంగ్లిష్ ‘సి’ తీసేసి మూడు ‘కె’లు పెట్టాడు. నల్లజాతి వాళ్ల మీద దాడులు చేసిన తెల్లజాతి ముఠా కూ క్లక్స్ క్లాన్ (కెకెకె) గుర్తొస్తే అది మన తప్పు కాదు, అతని ఉద్దేశమే అది. అందులోని ‘ల్యాండ్ ఆఫ్ ది ఫ్రీ’ పాటను ముందుగా జనవరి 20న వదిలాడు. అతని పుట్టినరోజు, ట్రంప్ ప్రమాణ స్వీకారం రెండూ ఆ రోజే.

అసలు మార్పు అతను ర్యాప్ చేసే తీరులో ఉంది. మునుపు ఒక్కో లైనులో ఎన్ని ప్రాసలు పడితే అన్ని కూరేవాడు. ఇక్కడ లైను చివర ఖాళీ వదులుతాడు, అదే ప్రాసను సాగదీసి రాగంలోకి జారుతాడు. ఇంగ్లిష్ ర్యాప్ వేగం అందని మనలాంటి వాళ్లకి మొదటిసారికే మాట తెలుస్తుంది.

దీనికో మూల్యం ఉంది. మొదటి సగంలో హుక్కులు (పల్లవులు) తియ్యగా, పదేపదే వస్తాయి. ఆ తీపిలో కోపం పలచబడి, మాటలు ప్లకార్డు మీద రాతల్లా మిగులుతాయి. అయిదోదైన ‘డివాస్టేటెడ్’ అంతకుముందు ఏడాదే విడిగా వదిలిన సింగిల్. తన గెలుపు గురించి పాడుకున్న పాట, ఈ వరసలో పెళ్లి భోజనంలో పిజ్జా ముక్కలా ఉంది.

తొమ్మిదో పాట నుంచి కథ వేరు. ‘సూపర్ ప్రిడేటర్’లో ర్యాపర్ స్టైల్స్ పి తోడుగా పాత తరహా డ్రమ్ములే మళ్లీ మోగుతాయి. కానీ ఆ పేరు చూడండి: 1990లలో అమెరికాలో నల్లజాతి కుర్రాళ్ల మీద వేసిన ముద్ర అది. తను ముచ్చటపడ్డ దశాబ్దాన్నే ఇప్పుడు బోనెక్కించాడు. పదోది ‘బాబిలాన్’. జమైకా గాయకుడు క్రోనిక్స్ పక్కన జోయీ గొంతు చీరుకుపోయేలా అరుస్తాడు; జోయీ తండ్రిది కూడా జమైకానే. న్యూయార్క్ పోలీసుల చేతిలో 2014లో ఊపిరాడక చనిపోయిన ఎరిక్ గార్నర్ ప్రస్తావన అక్కడే వస్తుంది. ఆల్బమ్‌లో ఇంతకు మించిన పాట లేదు.

కొత్తగా వినేవాళ్లు 9, 10, 12 పాటలు ముందు వినండి, తర్వాత ఒకటి నుంచి మొదలెట్టండి. ఫోన్ స్పీకర్‌లో వద్దు, బేస్ పోతే మొదటి సగం మరీ చప్పబడుతుంది. పాత రుచే కావాలంటే 2022లో వచ్చిన ‘2000’ ఉంది.