హాకీ స్కేట్లకు హీట్ మోల్డింగ్, విడిగా కొన్న ఇన్‌సోల్: మూడు సీజన్ల వాడకం తర్వాత

ఐస్ హాకీ స్కేటు కరిస్తే చెప్పు కరిచినట్టు నాలుగు రోజుల్లో సర్దుకోదు. బూటు గట్టి కాంపోజిట్ గుల్ల, తోలులా సాగదు. అందుకే కొత్తగా ఉన్నప్పుడే వేడిచేసి, మెత్తబడ్డాక కాలు పెట్టి, చల్లారేదాకా కదలకుండా కూర్చుంటారు. లోపలి ఫోమ్, పక్క గోడలు పాదం ఆకారం పట్టుకుంటాయి. వారానికి రెండుసార్ల చొప్పున మూడు సీజన్లు వాడాక తేలిన సంగతి ఏమిటంటే, ఇన్‌సోల్ (బూటు లోపల పాదం కింద పరిచే పొర) మార్చే ఉద్దేశం ఉంటే బేక్ చేయకముందే, అంటే ఇలా వేడిచేయకముందే మార్చాలి.

కారణం ఎత్తులో ఉంది. చాలా బూట్లతో వచ్చే ఇన్‌సోల్ పల్చటి ఫోమ్ ముక్క. విడిగా కొనే సూపర్‌ఫీట్ లాంటి వాటిలో మడమ కింద గట్టి గిన్నె, పాదం వంపు కింద దన్ను ఉంటాయి. పాదం రెండు మూడు మిల్లీమీటర్లు పైకి లేస్తుంది. పాత ఇన్‌సోల్‌తో బేక్ చేసి ఆ తర్వాత కొత్తది వేస్తే, చీలమండ ఎముక కోసం పడిన గుంట కిందే ఉండిపోతుంది, ఎముకేమో దాని పై అంచుకు రాసుకుంటుంది. మడమ కూడా బూటు బిగువుగా పట్టే చోటు దాటి పైకి వస్తుంది. ఖరీదైన ఇన్‌సోల్ వేసినా మడమ లేస్తోందని విసుక్కునేవాళ్ళు ముందు చూసుకోవాల్సింది ఇదే.

అంతకన్నా ముందు బూటులో చోటు ఉందో లేదో చూడాలి. పాత ఇన్‌సోల్ తీసేసి (దాని మీదే కొత్తది పరవకూడదు), కొత్తది వేసి, లేసులు కట్టకుండా కాలు పెట్టి మడమను వెనక్కి తన్నాలి. బూటు నాలుకను ముందుకు లాగి, పైనుంచి మూడో జత లేసు కన్నాల మీదుగా పెన్సిల్ అడ్డంగా పెట్టాలి. పెన్సిల్ పాదానికి తగిలితే బూటుకు లోతు చాలదు. అప్పుడు లేసులు ఎంత సర్దినా పాదం పైభాగం నొక్కుకుని నొప్పి వస్తుంది. పల్చటి ఇన్‌సోల్ అన్నా తీసుకోవాలి, లేదా లోతైన బూటు అన్నా: బాయర్ కంపెనీ బూట్లలో ఫిట్ 3, సీసీఎం కంపెనీ వాటిలో వైడ్ అనే కొలత.

కత్తిరించేటప్పుడు పాత ఇన్‌సోల్‌ను కొత్తదాని మీద మడమల దగ్గర సరిగ్గా కలిపి పెట్టి మార్కర్‌తో గీయాలి. కోత వేళ్ళ వైపే, మడమ వైపు ముట్టుకోవద్దు. గీతకు కాస్త బయటే కోసి, వేసి చూసి, మళ్ళీ కొంచెం కోయాలి. పొడవు మిగిలితే ముందు అంచు పైకి లేచి వేళ్ళు టో క్యాప్‌కు (బూటు ముందుండే గట్టి తొడుగుకు) కొట్టుకుంటాయి. ఎక్కువ కోస్తే ఇన్‌సోల్ ముందుకు జారి, వంపు దన్ను తప్పుడు చోట గుచ్చుకుంటుంది.

ఇక వేడి. చాలా బూట్లకు సుమారు 175 డిగ్రీల ఫారన్‌హీట్, అంటే 80 సెల్సియస్. సెల్సియస్‌కు అలవాటుపడి అమెరికా వచ్చినవాళ్ళు ఇక్కడ జాగ్రత్త, 175 సెల్సియస్ కేకు కాలే వేడి! సమయం మోడల్‌ను బట్టి రెండు నుంచి ఎనిమిది నిమిషాల దాకా మారుతుంది, కాబట్టి తయారీదారు చెప్పిందే పాటించాలి. దుకాణంలో స్కేట్ల ఓవెన్‌లో ఫ్యాన్ గాలిని సమంగా తిప్పుతుంది. ఇంటి ఓవెన్‌లో కాయిల్ వేడి నేరుగా తగిలి ఒకచోట జిగురు వదిలేస్తుంది, పైగా వారంటీ పోవచ్చు. గ్యాస్ ఓవెన్ అసలొద్దు. నా ఓటు దుకాణానికే.

ఒక్కో స్కేటు విడిగా బేక్ చేయాలి, లేసులు బాగా వదులు చేసి ఉంచాలి. గట్టి ఇన్‌సోల్‌ను ఓవెన్‌లో పెట్టకుండా పక్కన ఉంచుకుని, బూటు బయటికి రాగానే లోపలికి జార్చాలి. స్పీడ్ ప్లేట్ లాంటి వేడికి ఒదిగే రకమైతే దాని ప్యాకెట్ మీది సమయం చూడాలి. ఆటలో వేసుకునే సాక్సుతోనే కాలు పెట్టి, మడమను నేలకేసి రెండు మూడుసార్లు తట్టి వెనక్కి దించాలి. లేసులను పైకి లాగొద్దు, పక్కలకు లాగి బిగించాలి. మెత్తబడిన బూటులో పైకి గుంజితే లేసు కన్నాల రింగులు ఊడి వస్తాయి. ఆట రోజంత బిగువు వద్దు, గట్టిగా అనిపిస్తే చాలు. మోకాళ్ళు కాస్త ముందుకు పెట్టి పది, పదిహేను నిమిషాలు కూర్చోవాలి. లేచి నిలబడితే చీలమండ ఏ వైపు వాలుతుందో బూటు ఆ వైపే గట్టిపడుతుంది. తీసేటప్పుడు లేసులు పూర్తిగా వదిలి తీయాలి. మంచు మీదికి మర్నాడే.

వాడకంలో మొదటి నాలుగైదు సెషన్లు పాదం వంపు దగ్గర నొప్పి ఉంటుంది, తర్వాత పోతుంది. రెండు వారాలైనా తగ్గకపోతే ఆ ఇన్‌సోల్ వంపు మీ పాదానికి ఎక్కువ. చదును పాదాలవాళ్ళు ఎత్తు తక్కువ రకంతో మొదలుపెట్టడం మేలు. మడమ లేవడం మాత్రం నిజంగానే ఆగిపోయింది, లేసులు మునుపటంత బిగించనక్కర్లేకపోయింది.

రెండో సీజన్‌లో చీలమండ దగ్గరి ఫోమ్ అణిగి కాస్త వదులైంది. మళ్ళీ బేక్ చేస్తే తేడా స్వల్పమే. ప్రతిసారీ జిగురు కొంత బలహీనపడుతుంది కాబట్టి రెండు మూడుసార్లకు మించి చేయకపోవడమే మంచిది. ఒకే ఎముక దగ్గర నొప్పి ఉంటే మొత్తం బూటు వేడిచేయడం దండగ. నొప్పి ఉన్న చోట లిప్‌స్టిక్ పూసి బూటులో కాలు పెడితే లోపల గుర్తు పడుతుంది, దుకాణంలో అక్కడికే ప్రెస్‌తో పంచ్ చేయిస్తే, అంటే ఆ చోటును బయటికి ఉబ్బేలా నొక్కిస్తే సరిపోతుంది. టో క్యాప్ మాత్రం దేనికీ సాగదు. వేళ్ళు ముడుచుకుపోతుంటే సైజే తప్పు.

బ్లేడు హోల్డర్ వంకరగా బిగించి ఉండి కాలు లోపలికి వాలుతుంటే ఇన్‌సోల్ దాన్ని సరిచేయదు. పిల్లలకైతే బేక్ చేయిస్తే చాలు, ఏడాదికే చిన్నవయ్యే స్కేట్లకు ఖరీదైన ఇన్‌సోల్ అనవసరం. పెరుగుతారులే అని రెండు సైజులు పెద్దవి కొంటే మాత్రం బేక్ కూడా వృథానే, మడమ దగ్గరి ఖాళీని ఏ ఓవెనూ పూడ్చలేదు.

ఆడిన ప్రతిసారీ ఇన్‌సోల్ బయటికి తీసి ఆరబెట్టాలి. అలా చేయకపోతే కింద తడి నిలిచి, రివెట్లు తుప్పుపట్టి, ఇన్‌సోల్ అడుగు వాసన కొడుతుంది. ఇక్కడ వాడిన జతలో పైగుడ్డ మూడో సీజన్ మధ్యలో మడమ దగ్గర లేచిపోయింది, కింది గట్టి గిన్నె మాత్రం ఇంకా చెక్కుచెదరలేదు.