ఏడేళ్ల వాడకం తర్వాత: నేను చేసుకున్న గిటార్ పెడల్స్‌లో ఏ పార్ట్ నిలిచింది, ఏది పోయింది

నా బోర్డు మీద మూడు పెడల్స్ ఉన్నాయి, అంటే కాలితో తొక్కి గిటార్ శబ్దం మార్చుకునే పెట్టెలు. మూడూ నా చేత్తో సోల్డర్ చేసుకున్నవే. ట్యూబ్ స్క్రీమర్ సర్క్యూట్‌తో చేసిన, శబ్దాన్ని మెల్లగా గరుకెక్కించే ఓవర్‌డ్రైవ్‌కి ఏడేళ్లు నిండాయి. జెర్మేనియం ట్రాన్సిస్టర్లతో శబ్దాన్ని బాగా పగలగొట్టే ఫజ్‌కి ఐదేళ్లు. పీటీ2399 చిప్‌తో చేసిన డిలేకి, అంటే ప్రతిధ్వని ఇచ్చేదానికి, నాలుగు. ఆదివారం చర్చిలో, పెళ్లిళ్ల సీజన్‌లో ఆర్కెస్ట్రాతో, మిగతా రోజులు ఇంట్లో వాడతాను. విజయవాడ ఎండ, దుమ్ము, కరెంటు కోతలు, ఇన్వర్టర్ మోత అన్నీ ఈ పెట్టెలు చూశాయి.

కొత్తగా పెడల్ చేసుకుందామనుకునే కుర్రాళ్లు నన్ను అడిగే మొదటి ప్రశ్న ఎప్పుడూ చిప్ గురించే. "అన్నా, ఒరిజినల్ 4558 ఎక్కడ దొరుకుతుంది?" ఈ ఏడేళ్లలో నా పెడల్స్‌లో ఒక్క చిప్ పోలేదు. ఒక్క రెసిస్టర్ పోలేదు. పోయినవన్నీ కాలు, వేలు, ప్లగ్ తగిలేచోట ఉన్న పార్ట్‌లే. స్విచ్ రెండుసార్లు మార్చాను, ప్లగ్ దూర్చే జాక్ ఒకసారి, వేలితో తిప్పే పాట్ ఒకసారి. చేతిలో ఉన్న డబ్బు ఎక్కడ పెట్టాలో మొదట్లో నాకు చెప్పేవాళ్లు లేరు కాబట్టి, నేను వాడి తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఓవర్‌డ్రైవ్ సంగతి. ట్యూబ్ స్క్రీమర్, అంటే ఇబానెజ్ కంపెనీ టీఎస్808 పెడల్, 1970ల చివర్లో వచ్చింది. దాని సర్క్యూట్ ఇప్పటికీ అంతమంది కాపీ చేస్తున్నారంటే కారణం ఉంది. లోపల ఉన్నది 4558 అనే డ్యూయల్ ఆప్-ఆంప్, సిగ్నల్‌ని పెంచే చిప్. దాని ఫీడ్‌బ్యాక్ దారిలో రెండు సిలికాన్ డయోడ్లు ఎదురెదురుగా ఉంటాయి. సిగ్నల్ ఒక హద్దు దాటగానే డయోడ్లు తెరుచుకుని గెయిన్‌ని, అంటే సిగ్నల్ ఎన్ని రెట్లు పెరగాలో దాన్ని, తగ్గించేస్తాయి. అందుకే శబ్దం ఒక్కసారిగా విరగదు, మెల్లగా గరుకెక్కుతుంది. అదే చోట 4.7 కిలో ఓమ్ రెసిస్టర్, 0.047 మైక్రోఫారడ్ కెపాసిటర్ వరసగా గ్రౌండ్‌కి వెళ్తాయి. ఈ జంట వల్ల 720 హెర్ట్జ్ కింద గెయిన్ తగ్గుతూ పోతుంది. డ్రైవ్ పాట్ పూర్తిగా తిప్పితే పై స్వరాలకు గెయిన్ దాదాపు 118 రెట్లు, పూర్తిగా తగ్గిస్తే 12 రెట్లు. కింది స్వరాలు, అంటే బేస్, మాత్రం ఆ లెక్కలో పెరగదు.

ఇంట్లో ఒంటరిగా వాయించినప్పుడు ఆ బేస్ తగ్గడం నాకు నచ్చలేదు. 0.047 తీసేసి 0.1 పెట్టాను. హద్దు 340 హెర్ట్జ్ దాకా దిగింది, గది నిండా నిండైన శబ్దం. మూడు వారాలు మురిసిపోయాను. ఆ తర్వాతి ఆదివారం కీబోర్డు ఎడమ చేయి, బేస్ గిటార్, రిథమ్ ప్యాడ్ అన్నీ కలిసేసరికి నా గిటార్ ఎక్కడుందో నాకే వినిపించలేదు. సాయంత్రం ఇంటికొచ్చి పాత కెపాసిటర్ తిరిగి పెట్టేశాను. ఈ సర్క్యూట్ గీసినవాళ్లు బ్యాండ్ మధ్యలో వాయించే మనిషిని మనసులో పెట్టుకుని గీశారని ఆ రోజు అర్థమైంది. అప్పటి నుంచి ఆ విలువ ముట్టుకోలేదు.

చిప్ మార్చి చూడాలనే కోరిక మీకూ ఉంటే ఎనిమిది కాళ్ల ఐసీ బేస్ పెట్టుకోండి, సోల్డర్ పీకే బాధ ఉండదు. నేను 4558, టీఎల్072, ఎన్ఈ5532 మూడూ మార్చి మార్చి విన్నాను. మా కీబోర్డు వాయించే తమ్ముణ్ని అటు తిరిగి కూర్చోమని చెప్పి, ఏది ఏదో చెప్పమన్నాను. తేడా ఉందని వాడు ఒక్కసారి కూడా గట్టిగా చెప్పలేకపోయాడు. నాకు కనిపించిన అసలు తేడా బ్యాటరీ దగ్గరే. 5532 మిగతా రెంటికంటే రెట్టింపు పైన కరెంటు తాగుతుంది, తొమ్మిది ఓల్టుల బ్యాటరీ తొందరగా పోతుంది. పది పదిహేను రూపాయల మామూలు 4558 నా పెడల్‌లో ఏడేళ్లుగా అలాగే ఉంది.

డయోడ్లు మారిస్తే మాత్రం తేడా చెవికి తెలుస్తుంది. మామూలు సిలికాన్ డయోడ్ 1ఎన్4148 స్థానంలో ఎర్ర ఎల్ఈడీలు పెడితే క్లిప్ అయ్యే హద్దు పెరుగుతుంది, శబ్దం పెద్దదై విచ్చుకుంటుంది. ఓఏ79 జెర్మేనియం డయోడ్లు కూడా రెండు నెలలు వాడాను. ఇంజినీరింగ్ ల్యాబ్‌లో ఏఎం డిమాడ్యులేషన్ ప్రయోగం చేసినవాళ్లకు ఈ గాజు డయోడ్ గుర్తుండే ఉంటుంది. శబ్దం మెత్తగా, బాగా ఉంది కానీ వాల్యూమ్ ఎంత పెంచినా పాటలో సోలో పైకి లేవలేదు. తిరిగి 4148కే వచ్చాను.

ఇక ఫజ్. నాకు అన్నిటికంటే ఇష్టమైన పెడల్ ఇదే, అన్నిటికంటే ఎక్కువ సేవ చేయించుకున్నదీ ఇదే. ఫజ్ ఫేస్ 1966లో లండన్‌లో ఆర్బిటర్ కంపెనీ తెచ్చిన సర్క్యూట్. రెండు ట్రాన్సిస్టర్లు, నాలుగు రెసిస్టర్లు, మూడు కెపాసిటర్లు, రెండు పాట్లు, అంతే. ఇంత చిన్న సర్క్యూట్‌లో దాక్కోవడానికి చోటుండదు, ట్రాన్సిస్టర్ గుణమే శబ్దం అవుతుంది. నాకు కావలసింది ఏసీ128. పాత రేడియోల్లో అవుట్‌పుట్ దగ్గర ఉండే రేకు టోపీ ట్రాన్సిస్టర్ అది.

వన్‌టౌన్‌లో రేడియోలు బాగుచేసే పెద్దాయన దగ్గరికి వెళ్లి అడిగాను. ఆయన సొరుగు లాగి, బీడీ డబ్బాలో పోసి ఉంచినవి ముందు పెట్టారు.

"ఇవెందుకు బాబూ నీకు? ఇప్పుడెవరూ అడగట్లేదు."

"గిటార్‌కి బాబాయ్ గారూ. శబ్దం పగలడానికి."

"పగలకుండా ఉండడానికి మేం నలభై ఏళ్లు కష్టపడ్డాం" అని నవ్వి, పన్నెండు ఏరి ఇచ్చారు. ఆ పన్నెండులో చివరికి నాకు పనికొచ్చినవి నాలుగు.

ఏరడం ఎలాగో చెప్తాను, ఎందుకంటే మల్టీమీటర్‌లో గెయిన్ చూపించే హెచ్ఎఫ్ఈ గుంటలో పెట్టి చూస్తే జెర్మేనియం మోసం చేస్తుంది. లోపల లీకేజీ కరెంటు ఉంటుంది, మీటర్ దాన్నీ గెయిన్‌గానే లెక్కేస్తుంది. తొమ్మిది ఓల్టుల బ్యాటరీ తీసుకుని, ట్రాన్సిస్టర్ మూడు కాళ్లలో ఎమిటర్‌ని ప్లస్‌కి కలపండి. కలెక్టర్ నుంచి మైనస్‌కి సుమారు 2.4 కిలో ఓమ్ రెసిస్టర్ పెట్టండి. బేస్ కాలిని దేనికీ కలపకుండా ఆ రెసిస్టర్ మీద ఓల్టేజ్ చూడండి, అది లీకేజీ. తర్వాత బేస్‌కి 2.2 మెగ్ ఓమ్ ద్వారా మైనస్ ఇచ్చి మళ్లీ చూడండి. రెండో అంకెలో నుంచి మొదటిది తీసేసి వందతో హెచ్చిస్తే అసలు గెయిన్ దాదాపుగా వస్తుంది. సర్క్యూట్‌లో మొదటి ట్రాన్సిస్టర్‌కి డెబ్బై, ఎనభై మధ్య, రెండోదానికి నూరు పైన ఉన్నవి పెట్టుకున్నాను.

ఈ పరీక్ష చేసేటప్పుడు ఒక పని చేసి చూడండి. బేస్ వదిలేసి ఉన్నప్పుడు ట్రాన్సిస్టర్ రేకు టోపీని రెండు వేళ్ల మధ్య పట్టుకోండి. మీటర్ మీద అంకె కళ్లముందే ఎక్కుతుంది. 0.2 ఉన్నది 0.25, 0.3. చెయ్యి తీసేస్తే మళ్లీ నెమ్మదిగా దిగుతుంది. ఒంటి వేడికే అంత మారేది మన మే నెలకు ఏమవుతుందో ఆ క్షణమే తెలిసిపోతుంది. జెర్మేనియం లీకేజీ పది డిగ్రీలకు ఒకసారి దాదాపు రెట్టింపవుతుంది. జనవరి ఉదయం 24 డిగ్రీల దగ్గర సెట్ చేసిన పెడల్, మే మధ్యాహ్నం 44 డిగ్రీల్లో నాలుగు రెట్ల లీకేజీతో పనిచేయాలి.

మొదటి వేసవిలో అదే జరిగింది. ఆరుబయట పెళ్లి మండపం, సాయంత్రం ఐదు గంటలు. స్విచ్ తొక్కగానే నోట్ సగంలో తెగిపోతోంది, తీగ మోగుతున్నా శబ్దం ఉమ్మేసినట్టు ఆగిపోతోంది. ఆ రాత్రంతా ఫజ్ లేకుండానే వాయించాను. ఇంటికొచ్చి కొలిస్తే, రెండో ట్రాన్సిస్టర్ కలెక్టర్ దగ్గర 4.5 ఉండాల్సిన ఓల్టేజ్ 6 దాటి ఉంది. అప్పుడు 8.2 కిలో ఓమ్ రెసిస్టర్ తీసేసి 20 కిలో ఓమ్ ప్రిసెట్ (స్క్రూడ్రైవర్‌తో తిప్పే చిన్న పాట్) పెట్టి, పెట్టె పక్కన స్క్రూడ్రైవర్ దూరేంత చిల్లు వేశాను. ఇప్పుడు ఏడాదికి రెండుసార్లు, ఏప్రిల్ మొదట్లో ఒకసారి, దీపావళి దాటాక ఒకసారి, మీటర్ పెట్టి తిప్పుకుంటాను. ఐదు నిమిషాల పని. ఆ తర్వాత గిటార్ వాల్యూమ్ కొద్దిగా తగ్గిస్తే గంటలా శుభ్రంగా మోగుతుంది, పెంచితే గర్జిస్తుంది. సిలికాన్ బీసీ108తో చేసినదీ విన్నాను, దానికి ఎండాకాలం బాధ లేదు. కానీ వాల్యూమ్ తగ్గించినప్పుడు వచ్చే ఆ గంట శబ్దం నాకు దానిలో దొరకలేదు.

ఇంకో జాగ్రత్త. ఏసీ128 పీఎన్‌పీ రకం ట్రాన్సిస్టర్ కాబట్టి ఈ సర్క్యూట్‌లో గ్రౌండ్ అంటే ప్లస్. మిగతా పెడల్స్‌తో కలిపి ఒకే అడాప్టర్ తీగ మీద వేలాడదీస్తే సప్లై షార్ట్ అవుతుంది. దీనికి నేను విడిగా బ్యాటరీ పెట్టుకున్నాను. అది తినేది ఒక మిల్లీఆంప్ లోపే, నెలలు వస్తుంది. బ్యాటరీ ప్లస్ తీగ స్టీరియో ఇన్‌పుట్ జాక్ మీదుగా వెళ్తుంది కాబట్టి ప్లగ్ పీకితేనే ఆగుతుంది. రాత్రి ప్లగ్ అలాగే వదిలేస్తే తింటూనే ఉంటుంది.

డిలే గురించి తక్కువే చెప్తాను. పీటీ2399 అసలు కరోకే ఎకో కోసం వచ్చిన చిప్. మన మైక్ సెట్ షాపుల్లో ఎకో బోర్డు అని అమ్మేదాంట్లో ఉండేదీ ఇదే. ఐదు ఓల్టుల మీద నడుస్తుంది, ఆరో కాలు దగ్గర రెసిస్టెన్స్ పెంచితే డిలే పెరుగుతుంది. 340 మిల్లీసెకన్ల దాకా బాగుంటుంది, ఆపైన ప్రతిధ్వని మసకబారుతుంది. నెమ్మది ఆరాధన పాటలకు ఆ మసకే నాకు నచ్చింది. ఒక్క లోపం: ఆరో కాలు రెసిస్టెన్స్ మరీ తక్కువగా ఉన్నప్పుడు కరెంటిస్తే చిప్ బిగుసుకుపోయి శబ్దం రాదు. పాట్‌కి వరసగా 2.7 కిలో ఓమ్ పెట్టాక ఆ ఇబ్బంది మళ్లీ రాలేదు.

ఇప్పుడు పోయిన పార్ట్‌ల సంగతి. మొదటి 3పీడీటీ ఫుట్‌స్విచ్, అంటే కాలితో తొక్కే తొమ్మిది కాళ్ల స్విచ్, పద్నాలుగు నెలలకు పోయింది. ఆన్‌లైన్‌లో ఐదు కలిపి చవగ్గా దొరికితే కొన్నాను. ఆదివారం పాట మధ్యలో తొక్కితే గిటార్ శబ్దమే పోయింది. మళ్లీ తొక్కితే వచ్చింది, మళ్లీ పోయింది. విప్పి చూస్తే లోపలి ప్లాస్టిక్ ఒక మూల కరిగి, కాంటాక్ట్ పక్కకి ఒరిగి ఉంది. అందులో సగం తప్పు నా సోల్డరింగ్‌ది. తొమ్మిది కాళ్లూ వరసపెట్టి ఆపకుండా అంటించాను, వేడి లోపలికి దిగింది. ఇప్పుడు తీగ చివరకి, కాలికి విడివిడిగా ముందే లెడ్ పూసుకుంటాను. తర్వాత ఒక్క సెకను ఐరన్ తాకిస్తే అతుక్కుంటాయి. ఒక కాలు అంటించి, అవతలి మూల కాలికి వెళ్లి, మధ్యలో చల్లారనిస్తాను. 25 వాట్ల ఐరన్ చాలు. రెండో స్విచ్ మూడేళ్లకు పైగా వచ్చింది, అది నిజంగా అరిగిపోయి పోయింది. దాని మీద నాకు ఫిర్యాదు లేదు.

జాక్ విషయంలో చవక పార్ట్ స్ప్రింగ్ రెండేళ్లకే వదులైంది, ప్లగ్ కదిలితే చిరచిర. స్విచ్‌క్రాఫ్ట్ ఓపెన్ జాక్‌లు పెట్టి ఐదేళ్లయింది, మొదటి రోజు ఎంత బిగువో ఇప్పుడూ అంతే. ఖరీదు ఎక్కువే, కానీ నేను పెట్టిన డబ్బులో సంతోషంగా పెట్టింది అదే. పాట్‌ల విషయంలో దుమ్ము ఒక్కటే శత్రువు. ఒకటి కరకరలాడితే కాంటాక్ట్ క్లీనర్ కొట్టి చూశాను, ఆరు నెలలు ఆగి మళ్లీ మొదలైతే మార్చేశాను. కొనేటప్పుడు లాగ్, లీనియర్ తేడా మీటర్‌తో చూసుకోండి. ముల్లు సరిగ్గా మధ్యలో పెట్టి కొలిస్తే లీనియర్ సగం చూపిస్తుంది, లాగ్ పది పదిహేను శాతం చుట్టూ చూపిస్తుంది. వాల్యూమ్‌కి లీనియర్ పడితే మొదటి పావు తిప్పులోనే శబ్దమంతా వచ్చేస్తుంది.

అడాప్టర్ దగ్గర అశ్రద్ధ చేయొద్దు. తొమ్మిది ఓల్టులు అని రాసి ఉన్న ఒక లోకల్ అడాప్టర్ లోడ్ లేకుండా కొలిస్తే 13 పైన చూపించింది. రెగ్యులేటర్ లేదు, 100 హెర్ట్జ్ హమ్ పాట వెనక బుయ్‌మని వినిపించేది. పైగా పెడల్స్‌కి మధ్య పిన్ మైనస్ కావాలి, షాపుల్లో దొరికేవాటిలో చాలావాటికి మధ్య పిన్ ప్లస్. ఇప్పుడు 12 ఓల్టుల అడాప్టర్ తర్వాత నిలకడగా తొమ్మిది ఓల్టులే ఇచ్చే 7809 రెగ్యులేటర్ పెట్టి చిన్న పెట్టె చేసుకున్నాను. ప్రతి పెడల్‌లో ప్లస్, మైనస్ తారుమారైతే కాపాడే 1ఎన్5817 డయోడ్, 100 మైక్రోఫారడ్ కెపాసిటర్ తప్పకుండా ఉంటాయి. ఆ కెపాసిటర్ 25 ఓల్టులది, 105 డిగ్రీలది తీసుకుంటాను. ఎండలో కారు డిక్కీలో బోర్డు పెట్టాల్సి వస్తుంది కాబట్టి ఆ రూపాయి తేడా చూసుకోను.

హైదరాబాద్ వెళ్లినప్పుడల్లా కోఠి గుజరాతీ గల్లీలో ఒక గంట తిరుగుతాను. రెసిస్టర్లు, ఫిల్మ్ కెపాసిటర్లు, ఐసీ బేస్‌లు, 4148లు అక్కడ చేతితో పట్టుకుని చూసి కొనుక్కోవచ్చు. పోయిన నెల వెళ్లినప్పుడు ఇంకో ఓవర్‌డ్రైవ్‌కి సరిపడా తెచ్చాను, మా కీబోర్డు తమ్ముడి కొడుకు కొత్తగా గిటార్ నేర్చుకుంటున్నాడు. బోర్డు సోల్డరింగ్ వాడే చేశాడు. స్విచ్ తొమ్మిది కాళ్లు మాత్రం వచ్చే శనివారం పక్కన కూర్చోబెట్టుకుని చేయిస్తాను.