వడ్ల చిలుక: రెక్క చూస్తే చాలా, పొట్ట విప్పాలా?

వడ్ల బస్తా కదపగానే లేచే గడ్డిరంగు చిన్న రెక్కల పురుగు చాలావరకు వడ్ల చిలుకే. శాస్త్రీయ నామం సైటోట్రోగా సెరియలెల్లా, కుటుంబం గెలెకియిడే. 1789లో ఫ్రెంచ్ కీటక శాస్త్రవేత్త ఒలివియర్ దీన్ని వర్ణించాడు. ఇది వడ్ల చిలుకే అని గుర్తుపట్టడానికి దారులు రెండు: రెక్క చూడటం, పొట్ట విప్పి చూడటం.

రెక్క చూడటం: ఖర్చు ఒక భూతద్దం, పని రెండు నిమిషాలు. చూడాల్సింది వెనక రెక్క. దాని కొస వేలిలా సన్నగా సాగి ఉంటుంది, అంచున పొడవాటి వెంట్రుకల కుచ్చు. ఎంత ముద్దుగా ఉంటుందో! ముఖం ముందు, నోటి దగ్గర రెండు స్పర్శాంగాలు (మీసాలు కావు) కొడవలిలా పైకి వంగి ఉంటాయి. రిస్క్ ఒక్కటే: రెక్క మీది సన్న పొలుసులు రాలితే రంగును నమ్మలేం.

పొట్ట విప్పడం: మైక్రోస్కోప్ కావాలి. పొట్టను పొటాషియం హైడ్రాక్సైడ్ అనే క్షార ద్రావణంలో మెత్తబరిచి జననాంగాలు విడదీయాలి. ఓపిక, అలవాటు రెండూ ఉండాలి, నమూనా కొంత పాడవుతుంది. కానీ దగ్గరి జాతుల తేడా తేలేది ఇక్కడే.

ఇంట్లో, గోదాములో అయితే రెక్క చాలు. బూడిదరంగు బియ్యపు చిలుక పైరాలిడే కుటుంబానిది, దాని వెనక రెక్కకు ఆ వేలు ఉండదు. పొలుసులు రాలిన నమూనాకు, ఇంతకుముందు కనిపించని ప్రాంతంలో దొరికిందని నమోదు చేయడానికి మాత్రం పొట్ట విప్పాల్సిందే.