ఇంటీరియర్ ట్రైనింగ్‌కి ఫీజు కట్టే ముందు ఇది చదవండి: మా బామ్మర్ది విషయంలో 65 వేలు పోగొట్టుకున్నాం

నేను ఖమ్మంలో పెయింటింగ్ పని చేస్తాను. పద్దెనిమిదేళ్లుగా ఇదే పని. ఇప్పుడు నా కింద ఆరుగురు ఉన్నారు. సైటు మీద ఎవరు పనివాడో, ఎవరు మాటకారో చూడగానే చెప్పగలనని అనుకునేవాణ్ని. అయినా మోసపోయాను. సంస్థ పేరు రాయడం లేదు, ఫిర్యాదు ఇంకా నడుస్తోంది. పైగా అలాంటి దుకాణం అదొక్కటే కాదు. పేరు తెలిస్తే ఆ ఒక్కదానికే దూరంగా ఉంటారు, పద్ధతి తెలిస్తే అన్నిటినీ గుర్తుపడతారు.

మా బామ్మర్దికి ఇరవై ఏళ్లు. ఇంటర్ పూర్తి కాలేదు. నాతో రారా అంటే లప్పం దుమ్ము పడదన్నాడు. మా అత్త ఇంకో మాట అంది. "నీ దగ్గర నేర్చుకుంటే నీలాగే నిచ్చెన మీద ఉంటాడు అల్లుడూ. ఏదైనా సర్టిఫికెట్ ఇచ్చే చోట చేర్చు." ఆ మాట నాకు గట్టిగానే తగిలింది. ఎందుకంటే నా దగ్గర ఏ కాగితమూ లేదు. మా మేస్త్రి దగ్గర మొదటి ఏడాది ఎమ్రీ పేపర్ రుద్ది, రెండో ఏడాది బ్రష్ పట్టి నేర్చుకున్నవాణ్ని. పెద్ద బిల్డర్ల దగ్గరికి కొటేషన్ పట్టుకుని వెళ్తే "మీ క్వాలిఫికేషన్ ఏంటి?" అని అడుగుతారు. ఆ ప్రశ్న వాడికి ఎదురుకాకూడదనుకున్నాను.

ఫోన్‌లో యాడ్ కనబడింది. హైదరాబాద్‌లో నాలుగు నెలల "ఇంటీరియర్ ఫినిషింగ్ డిప్లొమా". రెండు నెలలు క్లాసు, రెండు నెలలు అప్రెంటిస్‌షిప్, ఆపైన వంద శాతం ప్లేస్‌మెంట్, కావాలంటే దుబాయ్. జిప్సం సీలింగ్, డ్రైవాల్ పార్టిషన్ (ఇటుక లేకుండా బోర్డులతో కట్టే అడ్డుగోడ), లామినేట్, పెయింట్ అన్నీ నేర్పుతారట. సీలింగ్ పనికి మా వైపు ఇప్పటికీ ఎక్కువగా ఉత్తరాది కుర్రాళ్లే వస్తున్నారు. మనవాళ్లు నేర్చుకుంటే పనికి కొదవ ఉండదు. అంతవరకూ నిజమే, అందుకే నమ్మాను.

ఇద్దరం వెళ్లి చూశాం. ఒక శాంపిల్ గది చూపించారు. కోవ్ లైటింగ్ (సీలింగ్ అంచులో దాచిన లైట్లు), రెండు లెవెళ్ల సీలింగ్, ఒక పక్క గోడకి టెక్స్‌చర్. నేను పెయింటర్‌ని కదా, ముందు చూసేది జాయింట్లే, అంటే బోర్డులు కలిసే అతుకులు. లైటు పక్క నుంచి కొడితే జాయింట్ లేచి కనబడుతుంది. అక్కడ ఎంత చూసినా కనబడలేదు. "మా స్టూడెంట్సే చేశారన్నా" అంది కౌన్సెలర్ అమ్మాయి. చెప్పులు బయట విడిచి చూడమన్నారు. ట్రైనింగ్ గదిలో చెప్పులు ఎందుకు విడవాలి అని నాకు అప్పుడు తట్టలేదు. ఆ గదిని బయటి టీమ్ చేత చేయించారనీ, కుర్రాళ్లను అందులోకి రానివ్వరనీ తర్వాత తెలిసింది.

అసలు నేర్పే గది వెనకాల ఉంది. ఇరవై ఆరు మంది కుర్రాళ్లకి ఒక చిన్న ఫ్రేమ్. సోమవారం ఎక్కించిన బోర్డులు శనివారం దించేస్తారు, మళ్లీ సోమవారం అవే ఎక్కిస్తారు. నెల తిరిగేసరికి ఆ బోర్డులు స్క్రూ రంధ్రాలతో జల్లెడ అయ్యాయట. లేజర్ లెవెల్ ఒకటుంది, దాని బ్యాటరీ పనిచేయదు. మిగతా రోజులన్నీ తెర మీద బొమ్మలు చూపించడమే. జాయింట్లు పూడ్చే జాయింటింగ్ కాంపౌండ్ డబ్బా ఒక్కసారి తెరిచారు, అదీ ఎవరో చూడ్డానికి వచ్చిన రోజు.

దసరాకి ఇంటికి వస్తే వాణ్ని మా హాల్లో నిలబెట్టి అడిగాను. "సీలింగ్ సెక్షన్లు ఎంత దూరంలో పెడతావురా?" వాడు కాసేపు పైకి చూసి "ఎంత దూరంలో పెట్టమంటే అంతలో పెడతాను బావా" అన్నాడు. మా ఆవిడ నవ్వింది, నాకు నవ్వు రాలేదు. పని తెలిసినవాళ్లకి ఇది ఓనమాలు. మామూలు 12.5 ఎంఎం బోర్డు సీలింగ్‌కి సెక్షన్లు (బోర్డు బిగించే రేకు పట్టీలు) దాదాపు 18 అంగుళాలకి ఒకటి, వాటి పైన ఇంటర్మీడియట్ చానెల్ (సెక్షన్లను పట్టుకునే అడ్డపట్టీ) నాలుగు అడుగులకి ఒకటి, స్క్రూలు 9 అంగుళాల లోపు. బోర్డుల చివరి జాయింట్లు ఒకే వరుసలో రాకుండా ఇటుకల్లా మార్చి వేయాలి. సెక్షన్లు దూరం చేస్తే మొదట్లో ఏమీ తెలియదు. తర్వాత బోర్డు జోలెలా కిందికి వంగుతుంది, జాయింట్ చీలుతుంది, ఇంటివాళ్లు వచ్చి పెయింటర్‌ని తిడతారు. ఆ తిట్లు నేను చాలాసార్లు తిన్నాను.

అప్రెంటిస్‌షిప్ అన్న మాట విని ఇక్కడైనా నేర్చుకుంటాడులే అనుకున్నాను. గచ్చిబౌలి వైపు ఒక ఆఫీసు సైటుకి పంపారు. పొద్దున ఎనిమిదికి వెళ్తే రాత్రి తొమ్మిదికి వదిలేవారు. పని ఏంటంటే బోర్డులు మోయడం. ఆరడుగులు నాలుగడుగుల జిప్సం బోర్డు ఒక్కోటి ఇరవై కిలోల దగ్గర ఉంటుంది. లిఫ్ట్ వేరే సామానుకి కావాలంటే ఏడో అంతస్తు దాకా మెట్ల మీదే. చెత్త ఎత్తడం, ఊడ్వడం, పరంజా పట్టుకోవడం. రెండు నెలల్లో స్క్రూగన్ చేతికిచ్చింది మూడు రోజులు. డబ్బు ఒక్క రూపాయి ఇవ్వలేదు, మధ్యాహ్నం భోజనం పెట్టారు. ఆ సైటు కాంట్రాక్టర్ ఎవరో తెలుసా? ట్రైనింగ్ సంస్థ ఓనర్ సొంత అన్నయ్య. అంటే ఫీజు కట్టి మరీ వాళ్ల సైటుకి హెల్పర్‌ని సప్లై చేశాం.

ఒకరోజు జీఐ చానెల్ (జింక్ పూత ఉన్న ఇనప రేకు పట్టీ) అంచు తగిలి అరచేయి చీరుకుంది, నాలుగు కుట్లు పడ్డాయి. ఆస్పత్రి బిల్లు మేమే కట్టుకున్నాం. "చూసుకోవాలి కదా తమ్ముడూ" అన్నాడట సూపర్‌వైజర్.

తర్వాత నేను కూర్చుని తెలుసుకున్నదేంటంటే, అప్రెంటిస్‌షిప్ అనేది ఎవరు పడితే వాళ్లు వాడుకునే మాట కాదు. దానికి 1961లోనే చట్టం వచ్చింది. కంపెనీకీ కుర్రాడికీ మధ్య రాతపూర్వక ఒప్పందం ఉండాలి. అది ప్రభుత్వ అప్రెంటిస్‌షిప్ పోర్టల్‌లో నమోదవ్వాలి, దానికో నంబర్ వస్తుంది. నెలనెలా స్టైపెండ్ కంపెనీయే కుర్రాడికి ఇవ్వాలి. 2016లో మొదలైన జాతీయ అప్రెంటిస్‌షిప్ ప్రోత్సాహక పథకం కింద అయితే కనీస స్టైపెండ్‌లో 25 శాతం, నెలకి 1500 రూపాయల దాకా కేంద్రమే భరిస్తుంది. పనిలో దెబ్బ తగిలితే పరిహారం బాధ్యత కంపెనీదే. అనుమతి లేకుండా ఓవర్‌టైమ్ చేయించకూడదు. ఇవన్నీ పక్కన పెట్టినా ఒక్కటి చూడండి చాలు: డబ్బు ఎటు నుంచి ఎటు వెళ్తోంది? నేర్చుకునేవాడి జేబులోకి రావాల్సింది వాడి జేబులోంచే పోతోందంటే దాన్ని ఏ పేరుతో పిలిచినా అప్రెంటిస్‌షిప్ కాదు. మా వాడి చేత సంతకం పెట్టించిన నాలుగు పేజీల ఇంగ్లీషు కాగితంలో ఆ మాటే లేదు, "ఆన్ జాబ్ ఎక్స్‌పోజర్" అని రాసుంది. యాడ్‌లో ఒక మాట, కాగితంలో ఇంకో మాట.

ఇక లోన్ సంగతి. దీనికే నాకు ఎక్కువ మండుతోంది. ఫీజు 65 వేలు. 15 వేలు మొదట కట్టాం, మిగతాది "ఈజీ ఇన్‌స్టాల్‌మెంట్" అన్నారు. ఫోన్‌లో ఫామ్ నింపించి, ఆధార్ ఓటీపీ అడిగి, సెల్ఫీ తీసుకున్నారు. సంస్థకే వాయిదాలు కడుతున్నామనుకున్నాం. మూడో నెలలో ఫీజు ఆపుతాం అంటే "మాకేం సంబంధం లేదు, ఫైనాన్స్ కంపెనీతో మాట్లాడుకోండి" అన్నారు. అప్పుడు తెలిసింది, అది మా బామ్మర్ది పేరు మీద తీసుకున్న అప్పు. ఆ 50 వేలు సంస్థకి మొదటి వారంలోనే ముట్టాయి. మేం నెలకి 4,750 చొప్పున పన్నెండు నెలలు కట్టాలి. ఆపితే వాడి సిబిల్ (అప్పులు సరిగ్గా కడుతున్నాడా లేదా చెప్పే స్కోరు) పాడవుతుంది. ఇరవై ఏళ్లకే.

ఇలాంటి లోన్‌కి మొదట్లో కూలింగ్ ఆఫ్ గడువు ఉంటుంది. ఆ గడువులో అసలు, ఆ కొన్ని రోజుల వడ్డీ కట్టేసి జరిమానా లేకుండా బయటపడొచ్చు, ఇది రిజర్వ్ బ్యాంక్ నియమం. గడువు ఎన్ని రోజులో, మొత్తం ఎంత పడుతుందో రాసిన కాగితం ముందే ఇవ్వాలి కూడా. మాకు అది మెయిల్‌లో వచ్చిందట. మా వాడి మెయిల్ కౌన్సెలరే తయారుచేసింది, పాస్‌వర్డ్ ఆ అమ్మాయి దగ్గరే ఉంది. మీ పిల్లల చేత ఎవరైనా ఓటీపీ చెప్పమంటే అది దేనికో తెరమీద చదివించండి. చదివే టైమ్ ఇవ్వకపోతే లేచి వచ్చేయండి.

సర్టిఫికెట్ అయితే బ్రహ్మాండంగా ఉంది. బంగారు రంగు అంచు, హోలోగ్రామ్, ఐఎస్ఓ 9001 ముద్ర, కింద ఉద్యమ్ నంబర్. చూసి మా అత్త ఫ్రేమ్ కట్టించింది. ఉద్యమ్ అంటే చిన్న వ్యాపారంగా నమోదు చేసుకున్నట్టు, అంతే. ఐఎస్ఓ అంటే ఆఫీసు నడిపే పద్ధతికి ఇచ్చేది. రెండిటికీ కోర్సుతో సంబంధం లేదు. నిజంగా గుర్తింపు ఉన్న కోర్సుకి ఒక కోడ్, ఎన్‌ఎస్‌క్యూఎఫ్ (నైపుణ్య కోర్సుల స్థాయి చెప్పే జాతీయ కొలమానం) లెవెల్ ఉంటాయి. నేషనల్ క్వాలిఫికేషన్స్ రిజిస్టర్ అనే ప్రభుత్వ సైట్‌లో ఆ కోడ్ కొడితే కోర్సు కనబడాలి. డబ్బు కట్టకముందే కోడ్ అడగండి. "ప్రాసెస్‌లో ఉంది" అంటే లేదనే.

ప్లేస్‌మెంట్ అన్నది ఏంటంటే అదే అన్నయ్య కాంట్రాక్టర్ దగ్గర నెలకి 11 వేలకి హెల్పర్ పని. దుబాయ్ కావాలంటే ఇంకో 90 వేలు అన్నారు. లైసెన్స్ ఉన్న రిక్రూటింగ్ ఏజెంట్ తీసుకోగలిగేదే గరిష్ఠంగా 30 వేలు, పైన జీఎస్టీ. ఏజెంట్‌కి లైసెన్స్ ఉందో లేదో ఈ-మైగ్రేట్ అనే కేంద్ర ప్రభుత్వ సైట్‌లో చూసుకోవచ్చు. వీళ్ల పేరు అందులో లేదు. తెలంగాణవాళ్లకి విదేశీ ఉద్యోగాల కోసం టామ్‌కామ్ అని ప్రభుత్వ సంస్థే ఉంది, ముందు అక్కడ అడగండి.

ఉచితంగా నేర్పే చోట్లు ఉండగా నేను ఎందుకు వెళ్లలేదని మీరు అడగొచ్చు. తెలియక కాదు. మాదాపూర్‌లో నాక్ (నేషనల్ అకాడమీ ఆఫ్ కన్‌స్ట్రక్షన్) ఉందని, 1998 నుంచి నడుస్తోందని, నిర్మాణ పనులు నేర్పుతుందని నాకు తెలుసు. ఊళ్లవాళ్లకి డీడీయూ-జీకేవై (గ్రామీణ యువతకి పని నేర్పే కేంద్ర పథకం) కింద హాస్టల్‌తో సహా ఉచితమనీ విన్నాను. ఐటీఐలో కార్పెంటర్ ట్రేడ్ ఒక ఏడాది. కానీ "ఫ్రీగా ఇచ్చేది ఏం బాగుంటుందిలే" అనుకున్నాను. ఫీజు ఎక్కువైతే చదువు గొప్పదనుకునే జబ్బు మనందరికీ ఉంది కదా, నాకూ ఉంది.

ఇప్పటి పరిస్థితి: 1915కి ఫోన్ చేసి వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు పెట్టాను. సంస్థవాళ్లు పదివేలు ఇస్తాం, మీరు ఆన్‌లైన్‌లో పెట్టిన రివ్యూ తీసేయండి అన్నారు. ఒప్పుకోలేదు. వినియోగదారుల కమిషన్‌కి వెళ్తున్నాం, ఐదు లక్షల లోపు కేసుకి ఫీజు లేదు. ఫైనాన్స్ కంపెనీకి రాతపూర్వకంగా ఇచ్చాం. ముప్పై రోజుల్లో సరైన జవాబు రాకపోతే రిజర్వ్ బ్యాంక్ అంబుడ్స్‌మన్‌కి (ఇలాంటి కంపెనీల మీద ఫిర్యాదులు తేల్చే అధికారికి) పెడతాం. ఈఎంఐ మాత్రం ఆపలేదు, ఇంకా ఐదున్నాయి.

ఇలాంటి చోట ఇప్పటికే చేరినవాళ్లు ఉంటే యాడ్ స్క్రీన్‌షాట్, వాట్సాప్ వాయిస్ మెసేజ్‌లు, సైటులో తీసుకున్న ఫొటోలు, హాజరు పుస్తకం ఫొటో దాచుకోండి. మా కేసులో వకీలు మొదట అడిగింది అవే. హాజరు పుస్తకం ఫొటో మా దగ్గర లేదు. ఎవరి దగ్గరైనా జూన్ బ్యాచ్‌ది ఉంటే నాకు మెసేజ్ పెట్టండి.

బామ్మర్ది ఇప్పుడు మా ఊళ్లోనే ఒక సీలింగ్ మేస్త్రి దగ్గర రోజుకి 450కి వెళ్తున్నాడు. మూడో వారానికే జాయింట్ టేప్ వేయించాడట ఆ మేస్త్రి. మొన్న ఆ సైటుకి పెయింట్ పని నాకే వచ్చింది. వాడు చేసిన జాయింట్ మీద పక్క నుంచి లైటు కొట్టి చూశాను. రెండు చోట్ల లేచి ఉంది. రుద్దమని ఎమ్రీ పేపర్ వాడి చేతికే ఇచ్చాను.