తప్పును తెలుగులో చెప్పే షాకిల్: పుస్తకాల జాబితాలో కొన్నేళ్లు వాడాక

పాత తెలుగు పుస్తకాల జాబితా ఒకదాన్ని లింక్డ్ డేటాగా (ఒకదానికొకటి లంకె పడిన సమాచారంగా) మార్చి నడుపుతున్నాం. రికార్డులు ఎక్కించేది గ్రంథాలయ ఉద్యోగులు. అట్ట చూసి ముద్రణ కాలాన్ని అంచనా వేయగలరు, కానీ ట్రిపుల్, టర్టిల్ వంటి మాటలతో వారికి పనిలేదు. వాళ్లు ఎక్కించినదాన్ని తనిఖీ చేయడానికి మొదట్లో ఔల్ ఆంటాలజీ ప్రకటనలనే నమ్ముకున్నాం. ఏ రకం వస్తువులున్నాయో, వాటి మధ్య సంబంధాలేమిటో చెప్పే నమూనా ఆంటాలజీ, దాన్ని రాసే భాష ఔల్. కొన్నేళ్లుగా షాకిల్ షేపులు వాడుతున్నాం. డేటా ఎలా ఉండాలో నియమాలు రాసే భాష షాకిల్, అందులో ఒక్కో నియమాల కట్ట ఒక షేపు. రెండింటి వ్యాకరణం ఇక్కడ వివరించను. షాకిల్ మీద నాకు ఇంత అభిమానం కలగడానికి కారణం అది ఇచ్చే నివేదిక.

ఆ నివేదికలో ఏ రికార్డులో, ఏ గుణం దగ్గర, ఏ నియమం తప్పిందో వరుసగా ఉంటుంది. దానితో పాటు మనం రాసుకున్న సందేశం కూడా వస్తుంది. ఆ సందేశానికి భాషా గుర్తు తగిలించవచ్చు, అంటే తెలుగులోనే రాయవచ్చు. మా ప్రచురణ సంవత్సరం షేపులో ఉన్న సందేశం ఇది: ‘ప్రచురణ సంవత్సరం అంకెల్లో లేదు. ముఖపత్రం మీద తెలుగు సంవత్సరం పేరు మాత్రమే ఉంటే దాన్ని గమనిక గడిలో రాసి, ఈ గడి ఖాళీగా వదలండి.’ ఇది చూసిన ఉద్యోగి ఎవరినీ అడగనక్కరలేదు. పుస్తకం తీసి చూసి దిద్దేస్తారు.

ఈ సందేశం అవసరమైంది శార్వరి వల్ల. పాత పుస్తకాల మీద క్రీస్తు శకం లేకుండా ‘శార్వరి నామ సంవత్సరం’ అని మాత్రమే ఉండటం మామూలే. అరవై ఏళ్ల చక్రంలో అది 1840 కావచ్చు, 1900 కావచ్చు, 1960 కూడా కావచ్చు. పైగా ఉగాదితో మొదలవుతుంది కాబట్టి ఒక్కో తెలుగు సంవత్సరం రెండు ఇంగ్లీషు సంవత్సరాల్లోకి పాకుతుంది. సంవత్సరం గడిలో ‘శార్వరి’ అని మామూలు అక్షరాల్లో పడితే షేపు వెంటనే పట్టుకుంటుంది. అదే పనికి ఔల్ దగ్గర హెర్మిట్ అనే రీజనర్‌ను (ప్రకటనల నుంచి తర్కంతో కొత్త విషయాలు తేల్చే ప్రోగ్రామును) నడిపితే తప్పు దాకా వెళ్లనే లేదు. సంవత్సరాలను రాయడానికి వాడే ఎక్స్ఎస్‌డీలోని జీఇయర్ రకం ఔల్ 2 డేటా రకాల పట్టికలో లేదు, అందుకని సరైన సంవత్సరాలను చూసి కూడా ఆగిపోయింది. పుస్తకాల జాబితాలో సంవత్సరం లేకుండా ఏం పని జరుగుతుంది?

అయినా ఆంటాలజీతో తనిఖీ చేయాలన్న ఆలోచనను నేను వదులుకున్నది సంవత్సరాల దగ్గర కాదు, గురజాడ అప్పారావు జన్మస్థలం దగ్గర. ఆయన 1862లో ఎస్. రాయవరంలో, మేనమామ ఇంట పుట్టారు. అప్పట్లో విశాఖ జిల్లా, ఇప్పుడు అనకాపల్లి జిల్లా. ఆయన జీవితమంతా విజయనగరంతో ముడిపడి ఉంది కాబట్టి మాకు వచ్చిన రెండు మూలాల్లో ఒకటి జన్మస్థలం విజయనగరం అని చెప్పింది, రెండోది ఎస్. రాయవరం అని చెప్పింది. రెండూ కలిసి ఒకే రచయిత రికార్డులోకి చేరాయి. మనిషికి పుట్టిన ఊరు ఒకటే ఉంటుంది కదా, ఆంటాలజీలో జన్మస్థలాన్ని ఫంక్షనల్ గుణంగా ప్రకటించి ఉంచాం. రెండు విలువలు కనబడగానే రీజనర్ ఫిర్యాదు చేస్తుందనే ఎవరైనా అనుకుంటారు. అది ఫిర్యాదు చేయలేదు. ఒక మనిషికి జన్మస్థలం ఒకటే అయి, ఇక్కడ రెండు పేర్లు ఉన్నాయంటే ఆ రెండు పేర్లూ ఒకే ఊరివి అయి ఉండాలని తేల్చింది. వేర్వేరు పేర్లు వేర్వేరు వస్తువులవే కావాలన్న పట్టింపు ఔల్‌కు లేదు. దాని తర్కం ప్రకారం అది చేసినది నూటికి నూరుపాళ్లు సరైనదే.

ఫలితం మాత్రం భయంకరంగా ఉంది. ఆంటాలజీలను తెరిచి చూసే ప్రోటెజే అనే ప్రోగ్రాములో ఎస్. రాయవరం తెరిస్తే ‘ఇదీ అదీ ఒకటే’ అన్న చోట విజయనగరం పసుపు రంగులో మెరుస్తోంది. ఎస్. రాయవరంలో ముద్రించిన పుస్తకాలు చూపమంటే విజయనగరంలో అచ్చయినవన్నీ బారులు తీరి వచ్చాయి. విజయనగరంలో పుట్టిన రచయితలందరూ ఎస్. రాయవరం వాస్తవ్యులూ అయిపోయారు. డేటాలో వైరుధ్యం లేదని రీజనర్ హామీ ఇచ్చింది. ఒక్క గడిలో పడిన తేడా ఊరిని ఊరిలో కలిపేస్తే, దాన్ని బయటపెట్టవలసిన పనిముట్టే దాన్ని నలుమూలలకూ పంచిపెట్టింది.

దీనికి ఔల్‌లో మందు లేదని కాదు. ఊళ్లన్నీ పరస్పరం వేరని ప్రకటిస్తే రీజనర్ వైరుధ్యం ఉందని ఒప్పుకుంటుంది. కానీ కొత్త ఊరు వచ్చినప్పుడల్లా దాన్ని ఆ ప్రకటనలో చేర్చాలి. అంతా చేశాక వచ్చే జవాబు మొత్తం డేటా పొసగడం లేదన్నది. ఆ ముడి విప్పేదాకా మిగతా రికార్డుల గురించి పనికొచ్చే మాట ఒక్కటీ రాదు. షాకిల్‌లో జన్మస్థలం ఒకటికి మించకూడదని ఒక గరిష్ఠ సంఖ్య పెడితే చాలు. నివేదికలో గురజాడ రికార్డు ఒక వరుసగా వచ్చింది, మిగతా డేటా తన దారిన తాను ఉంది. తగాదా ఉన్న మూలాలు రెండూ తెప్పించి, ఎస్. రాయవరాన్ని ఉంచాం.

ఇక్కడ ఒక చిన్న మాట. ఆ వరుసలో గురజాడ పేరుంది, జన్మస్థలం అన్న గుణం ఉంది. ఆ రెండు ఊళ్ల పేర్లు మాత్రం లేవు. గరిష్ఠ సంఖ్య తప్పినప్పుడు నివేదికలో విలువలు రావు, ప్రమాణమే అలా ఉంది. దిద్దే ఉద్యోగికి కావలసింది సరిగ్గా ఆ రెండు పేర్లే. స్పార్కల్ అనే ప్రశ్నల భాషలో నియమం రాస్తే సందేశంలో విలువలను చొప్పించవచ్చు, మేమూ అలాగే చేశాం. అంటే నేను పొగుడుతున్న నివేదికలో చక్కటి భాగం కొంత మేం స్పార్కల్‌తో అతుకు వేసుకున్నదే. హెచ్చరిక స్థాయి కూడా అంతే. ముఖపత్రం చిరిగిన పుస్తకానికి సంవత్సరం లేకపోతే హెచ్చరిక చాలని పెట్టాం. 2017 నాటి ప్రమాణం ప్రకారం ఒక్క హెచ్చరిక వచ్చినా డేటా మొత్తం నియమాలకు లోబడలేదనే తీర్పు వస్తుంది. షాకిల్ తనిఖీని నడిపే పైషాకిల్ ప్రోగ్రాములో హెచ్చరికలను మన్నించే వీలుంది కాబట్టి బతికిపోయాం.

అసలు ఆందోళన కలిగించేది మౌనం. మా షేపు ‘పుస్తకం’ అన్న తరగతిని లక్ష్యంగా పెట్టుకుంది. శతకాలు, నాటకాలు పుస్తకాలకు ఉపతరగతులని ఆంటాలజీ ఫైలులో ఉంది. షాకిల్ ఉపతరగతులను గుర్తిస్తుంది, అయితే ఆ సంగతి తనిఖీ చేసే డేటాలోనే ఉండాలి. ఆంటాలజీ ఫైలును జతచేయకుండా నడిపితే శతకమని మాత్రమే రాసి ఉన్న రికార్డు దాని కంటికి పుస్తకమే కాదు. దాన్ని ముట్టుకోదు, అంతా సవ్యంగా ఉందని చెబుతుంది. తరగతి పేరులో ఒక అక్షరం తేడా పడినా అదే జవాబు. పరీక్షించడానికి ఏమీ దొరకలేదన్న మాట, పరీక్షించినవన్నీ సరిగా ఉన్నాయన్న మాట నివేదికలో ఒకేలా కనబడటం నాకు ఇప్పటికీ మింగుడుపడదు. ఇప్పుడు ప్రతిసారీ ముందుగా ఒక్కో షేపు పరిధిలోకి ఎన్ని రికార్డులు వస్తున్నాయో స్పార్కల్‌తో లెక్కపెట్టిన తర్వాతే నివేదిక తెరుస్తాం.

కాబట్టి ఆంటాలజీని పక్కన పెట్టేశామని అనుకోవద్దు. ఉపతరగతుల వరకు దాన్ని జతచేస్తాం, అనుమితులు (రీజనర్ తేల్చే కొత్త విషయాలు) మాత్రం ఆపి ఉంచుతాం. అనుమితులు ముందు నడిపితే, జన్మస్థలం విలువగా ఏది ఉన్నా ఆ గుణం విలువలు ఏ రకమో చెప్పే రేంజ్ ప్రకటన దానికి ‘ఊరు’ అన్న ముద్ర వేస్తుంది. ఆ తర్వాత అది ఊరేనా అని షేపు అడిగితే ఎప్పుడూ అవుననే వస్తుంది. పరీక్షకు ముందే జవాబు రాసిపెట్టినట్టు.

ఒక్క విషయంలో ఔల్‌ను మనస్ఫూర్తిగా మెచ్చుకోవాలి. శ్రీశ్రీ అని ఒక మూలం, శ్రీరంగం శ్రీనివాసరావు అని ఇంకో మూలం రెండు రచయిత రికార్డులు పంపితే, ఇద్దరికీ వయాఫ్ (రచయితల పేర్ల అంతర్జాతీయ జాబితా) గుర్తింపు ఒకటే అయినప్పుడు, ఒక గుర్తింపు ఒక్క మనిషిదేనని ప్రకటించి ఉంటే, ఆ ఇద్దరూ ఒకరేనని అది తేలుస్తుంది. ఊళ్లను కలిపేసిన తర్కమే ఇక్కడ కలం పేర్లను కలిపి మేలు చేస్తుంది. షాకిల్‌కు ఆ చూపు లేదు. ఒకే మనిషి డేటాలో రెండు నోడ్లుగా (విడివిడి వస్తువులుగా) ఉంటే ఇద్దరనే లెక్కిస్తుంది. కలం పేర్లు ఇంత విరివిగా ఉన్న సాహిత్యానికి ఇది చిన్న లోపం కాదు.

సంవత్సరం గడి ఖాళీగా ఉన్నప్పుడు కూడా ఔల్ ఊరుకుంటుంది. ప్రతి పుస్తకానికీ ముద్రణ సంవత్సరం ఉంటుందని ప్రకటిస్తే, ఉంటుంది, మనకు తెలియదంతే అని సరిపెట్టుకుంటుంది. చిరిగిన ముఖపత్రం గురించి అది సత్యమే. రికార్డు నింపించవలసిన నాకు ఆ సత్యంతో పని జరగదు.

మాది చేత్తో నింపే జాబితా. తప్పులు దిద్దేవాళ్లు పక్క గదిలోనే ఉంటారు, తరగతుల వరుస కూడా లోతైనది కాదు. ఇటువంటి చోట షాకిల్‌ను ముందు పెట్టుకుని, ఆంటాలజీని దానికి తోడుగా ఉంచుకోవడం నాకు సరిపోయింది. స్నోమెడ్ సీటీ వంటి వైద్య పదజాలంలో లక్షల భావనలను రీజనరే వర్గీకరించాలి. అక్కడ పనిచేసేవారికి నా క్రమం తలకిందులుగా అనిపించినా ఆశ్చర్యం లేదు. మా దగ్గరా కలం పేర్ల పని ఇంకా రీజనర్‌దే. దాన్ని రచయితల రికార్డుల మీద మాత్రమే విడిగా నడిపి, కలపమన్న జంటలను ఒక ఉద్యోగి చూసి ఒప్పుకున్నాకే అసలు డేటాలోకి తీసుకుంటున్నాం.