హంతకుడెవరో పక్కవాడు చెప్పేయకుండా: డిటెక్టివ్ కథల మార్పిడికి గూగుల్ డాక్స్

ఒకరి కథ ఒకరు చదివి లోపాలు చెప్పుకునే కొత్త డిటెక్టివ్ రచయితలకి గూగుల్ డాక్స్ బాగానే పనికొస్తుంది. డబ్బు కట్టక్కర్లేదు, ఫోన్‌లోనూ తెరుచుకుంటుంది. అయిదుకి నాలుగు మార్కులు. కాకపోతే అందరూ వాడినట్టే వాడితే సస్పెన్స్ కథ మొదటి రోజే చచ్చిపోతుంది.

మామూలుగా చేసేది ఒకే లింకు నలుగురికీ పంపడం. మొదటివాడు మూడో పేజీలో "డ్రైవరే చంపాడు కదా" అని కామెంట్ పెడతాడు. మిగతా ముగ్గురూ కథకన్నా ముందు మార్జిన్ చదువుతారు. ఇక వాళ్లు చెప్పేది దేనికీ కొరగాదు. అందుకే ఫైల్ మెనూలో 'మేక్ ఎ కాపీ' నొక్కి మనిషికో కాపీ తీయాలి. పాత కామెంట్లు కూడా కాపీ చేయమనే గడిలో టిక్ ఉండకూడదు. ఎవరి కాపీ వాళ్ల మెయిల్‌కే షేర్ చేయాలి, అదీ కామెంటర్ హక్కుతో. వ్యూయర్ అని ఇస్తే చదవడమే, రాయడానికి వీలుండదు. షేర్ సెట్టింగుల్లో డౌన్‌లోడ్, ప్రింట్, కాపీల టిక్ కూడా తీసేయొచ్చు. స్క్రీన్‌ని ఫోటో తీసేవాణ్ని ఎలాగూ ఆపలేం లెండి.

ఎడిటర్ హక్కు మాత్రం వద్దు. జాలరిపేట పాత్ర "ఏటి సేస్తన్నావు" అంటే, సాయం చేస్తున్నాననుకుని దాన్ని "ఏం చేస్తున్నావు" అని దిద్దే మహానుభావులుంటారు. కామెంటర్ దిద్దితే అది సజెషన్‌గా రంగులో విడిగా కనబడుతుంది, నచ్చకపోతే తోసేయొచ్చు. ఎడిటర్ దిద్దింది వాక్యంలో కలిసిపోతుంది. ఆ తర్వాత వెర్షన్ హిస్టరీ (పాత ప్రతుల చిట్టా) తవ్వుకుంటూ కూర్చోవాలి.

చదివేవాళ్లు రెండుసార్లు చదవాలి. మొదటిసారి తప్పులు పట్టకూడదు. కథ పావు వంతు అయ్యాక, సగం అయ్యాక, గుట్టు విప్పే ముందు ఆగి "ఇప్పటికి నా అనుమానం ఫలానా వాడి మీద, ఈ వాక్యం వల్ల" అని ఒక్కో కామెంట్ పెడితే చాలు. సగంలోనే ఇద్దరు ముగ్గురు ఒకే వాక్యం చూపించి హంతకుణ్ని పట్టేస్తే ఆ క్లూ మరీ పైకి తేలినట్టు. గుట్టు విప్పాక కూడా "ఇది ముందు ఎక్కడుంది?" అని అడిగితే క్లూ పూడుకుపోయినట్టు. రచయితకి అసలు కావలసిన సమాచారం ఇదే, "చాలా బాగుంది సార్" కాదు.

రెండోసారి నిజానిజాలు. విశాఖ కథల్లో దొర్లడానికి వీలున్నవి కొన్ని: ఆర్కే బీచ్‌లో సూర్యుడు సముద్రంలో అస్తమించడం (మనది తూర్పు తీరం), కమిషనరేట్ ఉన్న నగరంలో కేసు ఎస్పీ చేతికి వెళ్లడం (ఇక్కడ పోలీసుల పై అధికారి కమిషనర్), కార్తీకమాసంలో సింహాచలం నిజరూప దర్శనానికి వెళ్లానని అనుమానితుడు ఎలిబీ (హత్యప్పుడు తను వేరేచోట ఉన్నాననే వాదన) చెప్పడం. ఆ దర్శనం అక్షయ తృతీయనాడు. ఎలిబీ అబద్ధమని తేలాలనే రచయిత ఉద్దేశమైతే మంచి క్లూయే, తెలియక రాస్తే కథ మొత్తం కూలుతుంది. 2024 జులై 1 నుంచి జరిగే హత్యకి ఎఫ్ఐఆర్‌లో పాత ఐపీసీ సెక్షన్ 302 రాయకూడదు, భారతీయ న్యాయ సంహితలో అది 103.

తెలుగుతో చిక్కులున్నాయి. డీటీపీవాళ్ల 'అను' ఫాంట్ ఫైలు అలాగే ఎక్కిస్తే పిచ్చి అక్షరాలొస్తాయి, ముందు యూనికోడ్‌లోకి (ఫోన్లలో, నెట్‌లో వాడే అక్షరాల పద్ధతిలోకి) మార్చాలి. ఒక పాత్ర ఎక్కడెక్కడ వచ్చిందో వెతికేటప్పుడు 'ఇన్‌స్పెక్టర్', 'ఇనస్పెక్టర్' రెండూ విడివిడిగా కొట్టి చూడాలి. అక్షరానికి మండలి ఫాంట్ 14 సైజులో కంటికి హాయి. వత్తులు, పొల్లుల తప్పులన్నీ కలిపి చివర ఒకే కామెంట్‌లో రాస్తే మేలు. మూడు వేల మాటల కథకి కామెంట్లు ఇరవై దాటితే ఏది ముఖ్యమో రచయితకి అంతుపట్టదు.

మార్కు తగ్గింది ఇక్కడ: నాలుగు కాపీల కామెంట్లు ఒకచోటికి తేవడం విసుగు. టూల్స్‌లో 'కంపేర్ డాక్యుమెంట్స్' ఉంది గానీ ఒక్కసారికి రెండు ఫైళ్లే. కంప్యూటర్‌లో కాపీలన్నీ పక్కపక్క ట్యాబుల్లో తెరిచి, పేరాకో వరుస చొప్పున ఎవరేమన్నారో కాగితం మీద రాసుకోవడమే త్వరగా తెమిలే పని.